మారుమూల ఎవరికి? రోంగెలాప్ స్త్రీల సాక్ష్యం

పసిఫిక్ మహాసముద్రం గురించి ఏ పుస్తకం తెరిచినా, ఏ అట్లాసు తిప్పినా మార్షల్ దీవుల పేరు పక్కన ఒక విశేషణం తప్పకుండా కనిపిస్తుంది: 'మారుమూల'. ఎక్కడి నుంచి చూస్తే మారుమూల? వాషింగ్టన్ నుంచి చూస్తే, లండన్ నుంచి చూస్తే, వాళ్ల పుస్తకాలు చదివి చదువుకున్న మన నగరాల నుంచి చూస్తే. రోంగెలాప్‌లో పుట్టి, అక్కడి నీళ్లలో చేపలు పట్టి, అక్కడి మొగలి ఆకులతో చాపలల్లి, అక్కడే పిల్లల్ని కన్న ఆడవాళ్లకు అది లోకానికి నట్టనడుమ. ఒక చోటు మారుమూల అన్నప్పుడు మనం దూరాన్ని కొలుస్తున్నామనుకుంటాం. నిజానికి కొలిచేది అధికారాన్ని. ఒకసారి ఆ ముద్ర పడ్డాక అక్కడ ఏం చేసినా అడిగేవాళ్లుండరు. అక్కడివాళ్లు ఏం చెప్పినా వినేవాళ్లూ ఉండరు.

రోంగెలాప్ చరిత్ర అంతా ఈ ముద్ర చేసిన పనే. ఆ చరిత్రను బాంబుల లెక్కగానో, దేశాల మధ్య ఒప్పందాల లెక్కగానో చెప్పడం అలవాటైపోయింది. అందులో స్త్రీలు బాధితుల జాబితాలో ఒక అంకెగా మిగిలిపోతారు. ఇక్కడ వాదించదలచుకున్నది వేరు. అణ్వస్త్ర శాస్త్రం రోంగెలాప్ స్త్రీల దేహాల్ని ఏళ్ల తరబడి సాక్ష్యంగా తీసుకుంది, వాళ్ల మాటను మాత్రం సాక్ష్యంగా ఒప్పుకోలేదు. ఈ తేడా యాదృచ్ఛికం కాదు.

భూమి తల్లి వైపుది

అటాల్ అంటే సముద్రం మధ్య ఉంగరంలాంటి పగడపు దిబ్బ. కోట్ల ఏళ్ల కిందట సముద్రంలోంచి లేచిన అగ్నిపర్వతం క్రమంగా కుంగిపోతూ ఉంటే, దాని అంచున పగడపు జీవులు పైపైకి పెరుగుతూ వస్తాయి. చివరికి పర్వతం మునిగిపోతుంది, అంచు మిగులుతుంది. లోపల ప్రశాంతమైన మడుగు, బయట మహాసముద్రం. ఈ సిద్ధాంతాన్ని 1842లో డార్విన్ ప్రతిపాదించాడు. దానికి గట్టి రుజువు 1952లో దొరికింది. ఎనివెటాక్ అటాల్ మీద బోరు వేస్తే 1,200 మీటర్లకు పైగా పగడపు రాయి దాటాక అగ్నిపర్వత శిల తగిలింది. ఆ బోర్లు వేసింది అణుపరీక్షల కార్యక్రమంలో భాగంగానే. శాస్త్రానికి తన ప్రశ్నకు జవాబు దొరికింది. ఆ దీవి మనుషులను మాత్రం అప్పటికే అక్కడి నుంచి తరలించేశారు.

రోంగెలాప్‌లో చిన్నాపెద్దా 61 దీవులున్నాయి. అన్నీ కలిపితే నేల 8 చదరపు కిలోమీటర్లు. అవి చుట్టుకున్న మడుగు మాత్రం వెయ్యి చదరపు కిలోమీటర్లు. నేల ఎత్తు సముద్రమట్టం మీద రెండు మూడు మీటర్లు. వాన నీళ్లే తాగునీళ్లు. కొబ్బరి, సీమపనస, మొగలి పండు, పాలగుండ దుంప, చేపలు, పీతలు తిండి. సుమారు రెండు వేల ఏళ్ల కిందట నక్షత్రాలనూ అలల నడకనూ చదువుకుంటూ పడవల్లో వచ్చినవాళ్లు ఈ దీవుల్లో స్థిరపడ్డారు. పుల్లలు కట్టి అలల పటాలు తయారుచేసుకున్నవాళ్లు వాళ్లు. 1788లో ఇంగ్లండు నుంచి ఖైదీలను ఆస్ట్రేలియాలో దింపి వెళ్తున్న ఓడ కెప్టెన్ జాన్ మార్షల్ అటుగా వెళ్లాడు. ఆ దీవులన్నిటికీ అతని పేరే మిగిలింది. 1885లో జర్మనీ, 1914లో జపాన్, 1944లో అమెరికా యజమానులయ్యాయి.

ఈ యజమానుల చరిత్రలో కనబడనిది ఒకటుంది. మార్షల్ దీవుల్లో భూమి హక్కు తల్లి వైపు నుంచి వస్తుంది. మనిషి ఏ వంశానికి చెందుతాడో, ఏ నేల మీద హక్కు పొందుతాడో తల్లే నిర్ణయిస్తుంది. అక్కడ స్త్రీలు సర్వస్వతంత్రులని దీని అర్థం కాదు. తల్లివైపు వారసత్వం ఉన్న సమాజాల్లోనూ పంచాయితీ మగవాళ్లదే అయిన సందర్భాలు మనకు తెలుసు. కానీ అక్కడ ఒక స్త్రీని భూమి నుంచి వేరుచేస్తే ఆమె ఒక్కతే నిర్వాసితురాలు కాదు. ఆమె తర్వాత పుట్టబోయే వాళ్లందరి హక్కుకూ మొదలు తెగిపోతుంది.

ఎవరిని అడిగారు?

1946 ఫిబ్రవరిలో ఒక ఆదివారం చర్చి ప్రార్థన అయ్యాక అమెరికా నౌకాదళ అధికారి బెన్ వ్యాట్ బికినీ ప్రజలను కూర్చోబెట్టి, మానవజాతి మేలు కోసం, యుద్ధాలన్నిటినీ ఆపడం కోసం మీ దీవి ఇస్తారా అని అడిగాడు. వాళ్ల పెద్ద జూడా, అంతా దేవుడి చేతిలో ఉందని జవాబిచ్చాడు. దీన్నే 'అంగీకారం' అన్నారు. తర్వాత ఆ దృశ్యాన్ని కెమెరాల ముందు మళ్లీ మళ్లీ చేయించి ప్రపంచానికి చూపించారు. అడిగింది తుపాకులున్న సైన్యం. జవాబు చెప్పింది ఒక మగ పెద్ద. భూమి ఎవరి వైపు నుంచి వస్తుందో ఆ స్త్రీల అంగీకారం ప్రస్తావనే లేదు. 167 మంది బికినీ ప్రజలను ఆ మార్చిలోనే రోంగెరిక్‌కు తరలించారు. అక్కడ తిండి చాలక పస్తులున్నారు. 1948లో చివరికి కిలీ అనే, మడుగు కూడా లేని దీవికి చేర్చారు.

ఆ ఏడాది జూలై 1న బికినీలో మొదటి పరీక్ష జరిగింది. నాలుగు రోజుల తర్వాత పారిస్‌లో లూయీ రెయార్ తాను తయారుచేసిన రెండు పీలికల ఈత దుస్తులకు 'బికినీ' అని పేరుపెట్టి ప్రదర్శించాడు. ఆడదాని ఒంటిని బాంబుతో పోల్చి అమ్ముకోవడం మార్కెట్‌కు కొత్త కాదు. కానీ ఒక్క క్షణం ఆలోచించండి. ఇల్లూవాకిలీ పోగొట్టుకున్న ఒక జాతి ఊరి పేరు ఈనాడు లోకమంతటా తెలిసింది దుస్తుల పేరుగా. ఊరి పేరును కూడా దోచుకోవడం అంటే ఇదే.

1954 మార్చి 1

1946 పరీక్షలప్పుడు రోంగెలాప్ ప్రజలను ముందుజాగ్రత్తగా మరో దీవికి తరలించి, తర్వాత తిరిగి తెచ్చారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే ఎనిమిదేళ్ల తర్వాత, 1954 మార్చి 1 తెల్లవారుజామున బికినీలో 'బ్రావో' అనే హైడ్రోజన్ బాంబు పేల్చినప్పుడు వాళ్లను కదిలించలేదు, కనీసం హెచ్చరించలేదు. ఆ బాంబు శక్తి 15 మెగాటన్నులు, హిరోషిమా బాంబుకు సుమారు వెయ్యి రెట్లు. శాస్త్రవేత్తలు వేసుకున్న అంచనాకు రెండు రెట్లకు పైగా. గాలి రోంగెలాప్ వైపు తిరుగుతోందని ముందే సమాచారం ఉన్నా పరీక్ష ఆపలేదు.

రోంగెలాప్ అక్కడికి 150 కిలోమీటర్లు. కొన్ని గంటల్లో ఆకాశం నుంచి తెల్లటి పొడి రాలింది. బాంబు పొడిపొడి చేసిన పగడపు దిబ్బే అది, అణుధూళిగా మారి. పిల్లలు దానితో ఆడుకున్నారు. తాగే నీళ్లలో, వండిన తిండిలో పడింది. ఆడవాళ్ల కొబ్బరినూనె రాసిన జుట్టుకు అంటుకుని వదల్లేదు. సాయంత్రానికి వాంతులు, విరేచనాలు, ఒళ్లు మంటలు. తర్వాత చర్మం ఊడింది, జుట్టు రాలింది. రోంగెలాప్‌లో 64 మంది, పక్కనున్న ఐలింగినేలో వాళ్ల మనుషులు 18 మంది ఆ ధూళిలో ఉన్నారు. గర్భిణులు నలుగురు. రోంగెరిక్‌లో ఉన్న 28 మంది అమెరికన్ సైనికులను ముందు తీసుకుపోయారు. రోంగెలాప్ వాళ్లకు ఓడ వచ్చేసరికి రెండు రోజులు దాటింది.

క్వాజలీన్ సైనిక స్థావరంలో వాళ్లను కడిగారు. దగ్గరి మగ బంధువుల ఎదుట వంటి మీద బట్టలు లేకుండా ఉండకూడదని నియమమున్న సమాజంలోని ఆడవాళ్లను బట్టలు విప్పించి నిలబెట్టి, మగ సైనికులు గైగర్ యంత్రాలు ఒంటి మీద తిప్పి కొలిచారు. మార్చి 11న అమెరికా అణుశక్తి సంఘం ఒక ప్రకటన చేసింది: మామూలు పరీక్షలో కొందరికి అనుకోకుండా రేడియేషన్ సోకిందనీ, కాలిన గాయాలేమీ లేవనీ, అందరూ బాగున్నారనీ.

దేహం కావాలి, మాట అక్కర్లేదు

కొద్దిరోజుల్లోనే 'ప్రాజెక్ట్ 4.1' మొదలైంది. అణుధూళి సోకిన మనుషుల్లో వచ్చే మార్పుల అధ్యయనం అది. ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చారు, నంబరు పలక పట్టించి ఫోటోలు తీశారు. 1957లో దీవి క్షేమమని చెప్పి అందర్నీ రోంగెలాప్‌కు తిరిగి పంపారు. ధూళి పడినప్పుడు అక్కడ లేనివాళ్లు కూడా కొందరు వాళ్లతో వెళ్లారు. బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల వైద్యులకు దాంతో పోల్చి చూసుకోవడానికి రెండు గుంపులు దొరికాయి. ఏటా ఓడలో వచ్చేవారు, రక్తం తీసుకునేవారు, మూత్రం తీసుకునేవారు, వెళ్లిపోయేవారు. 1956లో అణుశక్తి సంఘం సమావేశంలో మెరిల్ ఐసెన్‌బడ్ అనే అధికారి, ఈ మనుషులు మనలా నాగరికులు కాకపోయినా ఎలుకల కంటే మనకు దగ్గరివాళ్లు అన్న అర్థంలో మాట్లాడాడు. ఇది ఎవరో నోరు జారి అన్న మాట కాదు, సమావేశపు రికార్డుల్లో ఉన్న మాట.

తిరిగి వెళ్లిన నేల ఏ నేల? పగడపు నేలలో పొటాషియం తక్కువ. రేడియోధార్మిక సీజియం దాన్ని పోలి ఉంటుంది కనుక కొబ్బరిచెట్టు, సీమపనస, మొగలి దాన్ని లాగి కాయల్లో నింపుకుంటాయి. స్ట్రాన్షియం కాల్షియంలా ఎముకలో చేరుతుంది. అయోడిన్ మెడలోని థైరాయిడ్ గ్రంథిని వెతుక్కుంటూ పోతుంది. ధూళి పడిన రోజు పదేళ్లలోపు ఉన్న పిల్లల్లో అత్యధికులకు తర్వాత థైరాయిడ్ గడ్డలు వచ్చాయి. ఆనాడు ఏడాది పిల్లవాడైన లెకోజ్ అంజైన్ 1972లో రక్తకాన్సర్‌తో పందొమ్మిదో ఏట చనిపోయాడు.

మరి ఆడవాళ్లకు ఏం జరిగింది? 1954 తర్వాతి నాలుగైదేళ్లలో ధూళి సోకిన స్త్రీలలో గర్భస్రావాలు, మృతశిశు జననాలు సోకనివాళ్ల కంటే సుమారు రెట్టింపు నమోదయ్యాయి. ఇది వైద్యుల సొంత లెక్కే. కానీ సంఖ్య చిన్నది కనుక నిర్ధారణగా ఏమీ చెప్పలేమన్నారు. సామాజిక శాస్త్రాల్లో పనిచేసే మనం ఈ మాట దగ్గర ఆగాలి. ఎనభై రెండు మంది ఉన్న ఊళ్లో సంఖ్య ఎప్పుడు పెద్దదవుతుంది? ఊరినంతా విషంలో ముంచినా అది చిన్న సంఖ్యే. గణాంకశాస్త్రం అడిగే ప్రశ్న న్యాయమైనదే, కాదనడం లేదు. 'ఇంకా రుజువు కాలేదు' అన్న మాట 'ఏమీ జరగలేదు' అన్న మాటగా మారిపోవడమే అన్యాయం. రుజువు చూపే బరువు ఎప్పుడూ గర్భం పోయిన మనిషి మీదే ఎందుకు పడాలి? బాంబు వేసినవాడి మీద ఎందుకు పడకూడదు?

1995 నవంబర్‌లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం ముందు లిజోన్ ఎక్నిలాంగ్ నిలబడింది. అణ్వాయుధాల వాడకం చట్టబద్ధమా అన్న ప్రశ్న మీద విచారణ అది. బ్రావో పేలిన రోజుకు ఆమెకు ఎనిమిదేళ్లు నిండాయి. ఆమెకు ఏడుసార్లు గర్భం పోయింది. తన స్నేహితురాళ్లు కన్నవాటిని చెప్పడానికి తమ భాషలో మాటలు లేవనీ, అందుకే ఆక్టోపస్‌లనీ తాబేళ్లనీ చెప్పుకున్నామనీ ఆమె న్యాయమూర్తులకు వివరించింది. ఎముకలు లేకుండా, ఒళ్లు గాజులా పారదర్శకంగా పుట్టి, కాసేపు ఊపిరి తీసి చనిపోయినవాటిని 'జెల్లీఫిష్ పిల్లలు' అన్నారు. ఆమె ఇంకోటి కూడా చెప్పింది. వికృత జననం ఆడదాని శీలం తప్పిన గుర్తని తమ సంస్కృతి, మతం నేర్పాయనీ, అందుకే చాలామంది గుట్టుగా కని, గుట్టుగా పాతిపెట్టారనీ.

ఇక్కడ రెండు అధికారాలు చేతులు కలిపాయి. బాంబు గర్భాన్ని చెరిచింది. పితృస్వామ్యం ఆ నేరాన్ని గర్భం మోసిన మనిషి మీద వేసింది. ఇంట్లో సిగ్గు నోరు మూయించింది, ప్రయోగశాలలో 'సంఖ్య చాలదు' అన్న మాట నోరు మూయించింది. సిగ్గు వల్ల చెప్పుకోలేని జననాలు ఏ రిజిస్టరులోనూ చేరవు. రిజిస్టరులో చేరనివి లెక్కలోకి రావు. లెక్కలోకి రాలేదు కనుక జరగలేదంటారు. ఈ చక్రాన్ని తెంచింది వైద్యులు కాదు, నోరు విప్పిన స్త్రీలు. 1983లోనే వాంకూవర్‌లో ప్రపంచ చర్చిల సభలో డార్లీన్ కేజూ అనే మార్షల్ దీవుల యువతి ఈ జననాల గురించి బహిరంగంగా మాట్లాడింది. 1996లో రొమ్ము కాన్సర్‌తో ఆమె చనిపోయింది.

'పొరపాటు' అన్న వాదన

దీనికి ఎదురు వాదనలు లేకపోలేదు. మొదటిది, బ్రావో ధూళి ప్రమాదమే తప్ప కుట్ర కాదని. 1990లలో రహస్య పత్రాలు బయటపడ్డాక అమెరికా ప్రభుత్వం వేసిన కమిటీ కూడా మనుషులను కావాలని ధూళికి గురిచేశారనడానికి ఆధారం లేదంది. సరే, ఒప్పుకుందాం. కానీ 1946లో చిన్న బాంబుకు తరలించినవాళ్లను 1954లో పెద్ద బాంబుకు ఎందుకు వదిలేశారు? ప్రమాదం జరిగింది ఒక రోజు. ఆ ప్రమాదాన్ని అధ్యయనంగా మార్చి, మనుషులను 28 ఏళ్లు విషపు నేల మీద ఉంచింది ప్రమాదం కాదు, విధానం. మమ్మల్ని ఇక్కడి నుంచి తీసుకుపొమ్మని వాళ్లు అడిగినా వినకపోతే, 1985 మేలో గ్రీన్‌పీస్ సంస్థ 'రెయిన్‌బో వారియర్' ఓడలో మూడు వందల పైచిలుకు మందిని మెజట్టో దీవికి చేర్చింది. రెండు నెలలు తిరక్కుండా ఆ ఓడను ఫ్రెంచి గూఢచారులు ఆక్లండ్ రేవులో పేల్చేశారు.

రెండో వాదన, పరిహారం ఇచ్చాం కదా అని. 1986లో అమలులోకి వచ్చిన ఒప్పందం కింద అమెరికా 15 కోట్ల డాలర్ల నిధి పెట్టింది. అణుపరిహార ట్రిబ్యునల్ ఏర్పడింది. పరిహారానికి అర్హమైన జబ్బుల జాబితా తయారైంది. అందులో ప్రధానంగా ఉన్నవి కాన్సర్లు, థైరాయిడ్ జబ్బులు. 2007లో ఆ ట్రిబ్యునల్ రోంగెలాప్ ప్రజలకు వంద కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చింది. చెల్లించడానికి నిధిలో డబ్బు లేదు. తీర్పు మాత్రం కాగితం మీద భద్రంగా ఉంది. చెల్లించలేని తీర్పులిచ్చే కోర్టును కట్టించి, న్యాయం చేశామని చెప్పుకోవడం వలసవాదం నేర్చుకున్న కొత్త మర్యాద.

మన దేశం ఎక్కడ నిలబడింది?

ఇదంతా మనకెందుకు అనే పాఠకులకు ఒక చిన్న చరిత్ర చెప్పాలి. బ్రావో పేలిన నెల రోజులకే, 1954 ఏప్రిల్ 2న, నెహ్రూ లోక్‌సభలో అణుపరీక్షలు నిలిపివేయాలని పిలుపునిచ్చారు. ప్రపంచంలో ఆ మాట తొలిగా అన్న ప్రభుత్వాధినేతల్లో ఆయన ఒకరు. 1995లో లిజోన్ ఎక్నిలాంగ్ సాక్ష్యమిచ్చిన అదే కేసులో, అణ్వాయుధాల వాడకం చట్టవిరుద్ధమని భారత ప్రభుత్వం రాతపూర్వకంగా వాదించింది. మూడేళ్లు తిరిగేసరికి, 1998లో, పోఖ్రాన్‌లో పరీక్షలు జరిపింది. 2014లో మార్షల్ దీవులు, తన వైద్యం ఖర్చులకే వెతుక్కునే ఆ చిన్న దేశం, అణు నిరాయుధీకరణ చర్చలు జరిపే బాధ్యత పాటించలేదంటూ అణ్వస్త్ర దేశాల మీద అదే కోర్టులో దావా వేసింది. ఇండియా, పాకిస్తాన్, బ్రిటన్‌ల మీద వేసిన కేసులు విచారణకు వచ్చాయి. ఈ కేసు వినే అధికారమే కోర్టుకు లేదని మన ప్రభుత్వం వాదించింది. 2016 అక్టోబర్ 5న, ఇరు దేశాల మధ్య 'వివాదం' ఉన్నట్టు కనబడటం లేదంటూ 9-7 తేడాతో కోర్టు మన ప్రభుత్వం వైపు తీర్పునిచ్చింది.

అదే కోర్టు, అదే జాతి, ఇరవై ఏళ్ల తేడా. మొదటిసారి మనం వాళ్ల పక్కన ఉన్నాం. రెండోసారి వాళ్ల మాట వినొద్దని కోర్టుకు చెప్పినవాళ్ల వరుసలో ఉన్నాం. దేశభద్రత కోసం తప్పదంటారు. 1946లో వ్యాట్ చెప్పింది కూడా అదే కదా, మానవజాతి మేలు కోసమని. భద్రత అన్న మాట వినబడినప్పుడల్లా ఎవరి భద్రత, ఎవరి గర్భం ఖరీదుగా అని అడగడం స్త్రీల ఉద్యమానికి అలవాటు కావాలి.

గనికీ బాంబుకూ తేడా ఉంది, రెండిటినీ ఒకే గాట కట్టకూడదు. కానీ కడప జిల్లా తుమ్మలపల్లిలో యురేనియం గని పక్క ఊళ్లవాళ్లు తమ నీళ్లు పాడయ్యాయని చెప్పినప్పుడూ, 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణను చెంచులు వద్దన్నప్పుడూ 'మారుమూల', 'కొద్దిమంది' అన్న మాటలే ముందుకొస్తాయి. నల్లమల విషయంలో జనం గొంతెత్తాక తెలంగాణ శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేయవలసి వచ్చింది. గొంతెత్తితే పనవుతుందన్నది అక్కడి పాఠం. మొదటి ప్రశ్న ఆడవాళ్లను అడగాలన్నది రోంగెలాప్ పాఠం.

ఏం అడగాలి?

2022 అక్టోబర్‌లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల మండలి మార్షల్ దీవుల అణు వారసత్వం మీద తీర్మానం చేసింది. అది మంచిదే, చాలదు. గర్భస్రావాన్ని, మృతశిశు జననాన్ని, బిడ్డను కనలేకపోవడాన్ని అణుపరీక్షల వల్ల కలిగిన హానిగా గుర్తించాలి. సంఖ్య చిన్నదని తోసిపుచ్చే అలవాటు మాని, స్త్రీల వాంగ్మూలాన్ని సాక్ష్యంగా స్వీకరించే పద్ధతులు రావాలి. 2007 తీర్పు సొమ్మును చివరి డాలరు దాకా చెల్లించాలి. తల్లి వైపు నుంచి వచ్చిన భూమి హక్కు ఏ పునరావాస పథకంలోనూ చెరిగిపోకూడదు. మన వంతుగా మనం అడగవలసింది మన ప్రభుత్వాన్ని: 1954లో, 1995లో అన్న మాటకు కట్టుబడమని, మార్షల్ దీవుల స్త్రీలు మాట్లాడినప్పుడు విననివ్వమని.

లిజోన్ ఎక్నిలాంగ్ 2012లో చనిపోయింది. ఆమె ఇచ్చిన సాక్ష్యం హేగ్ న్యాయస్థానం రికార్డుల్లో ఉంది. దాన్ని మన సభల్లో, మన తరగతుల్లో చదివి వినిపించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.